ట్రైనర్ గరగరలాడుతోందా? విప్పే ముందు ఏం వినాలి, విప్పాక ఏం మార్చాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సైకిల్ వెనక చక్రాన్ని రోలర్‌కి ఆనించి ఇంట్లోనే తొక్కే మాగ్నెటిక్ ట్రైనర్, కొని మూడేళ్లయింది, ఉండేది మూడో అంతస్తు ఫ్లాటు. మొదట్లో గుయ్యిమనే మోత ఒక్కటే ఉండేది. రెండు నెలలుగా దానికి గరగర తోడైంది, ఉండుండి టిక్ టిక్ కూడా. డబ్ల్యూడీ-40 కొడితే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. కింది ఫ్లాటు వాళ్లు వచ్చి చెప్పి వెళ్లారు. ఇంట్లో బాగు చేసుకోవచ్చా, కొత్తది కొనాలా?

బాగు చేసుకోవచ్చండి. మీరు చెప్పిన దాన్ని బట్టి గరగర రోలర్ ఇరుసుకున్న రెండు బేరింగులది. వాటిని మార్చడం ఒక పూట పని. కాకపోతే మీరు వింటున్నది ఒక చప్పుడు కాదు, మూడు. గుయ్యిమనేది టైరుది, గరగర బేరింగుది, టిక్ టిక్ మరో చోటిది. కింది వాళ్లని ఇబ్బంది పెడుతున్నది ఈ మూడూ కాకపోవచ్చు, శ్లాబులోకి దిగే అదురు కావచ్చు. ఒకదానికి వేసిన మందు ఇంకోదానికి పని చేయదు. అందుకే చప్పుడు దేనితో పాటు తిరుగుతోందో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. మామూలు వేగంలో తొక్కుతూ తొక్కుతూ పెడల్స్ ఒక్కసారిగా ఆపండి, చక్రం దానంతట అది తిరగనివ్వండి. చప్పుడు ఆ క్షణమే పోతే అది చైను, పెడల్, క్రాంకు (పెడల్ తగిలించిన చెయ్యి) వైపుది. చక్రం నెమ్మదించే కొద్దీ చప్పుడు కూడా సన్నగిల్లుతూ ఆగిపోతే టైరు, హబ్బు (చక్రం మధ్య భాగం), రోలర్ వైపుది. ఫ్రీవీల్ టకటకలాడటం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత నాబ్ వదులు చేసి రోలర్‌ని టైరుకి దూరం జరపండి. రోలర్ ఇరుసుకే ఉన్న బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ని, చేత్తో గట్టిగా తిప్పి వదలండి. గరగర అక్కడే వినబడితే ఇక సందేహం లేదు, బేరింగే. ఫ్లైవీల్ నున్నగా తిరిగితే సైకిల్ చక్రాన్ని ఒక్కదాన్నే తిప్పి హబ్బు వినండి.

టిక్ టిక్‌ని మాత్రం లెక్కపెట్టాలి. నిమిషానికి 90 చుట్లు తొక్కుతుంటే క్రాంకు రెండు సెకన్లకు మూడు సార్లు తిరుగుతుంది. ఆ లయలోనే టిక్ వస్తే పెడల్, క్రాంకు బోల్టు, బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే గూడు) చూడాలి. 700సి (రోడ్డు సైకిళ్లకి మామూలుగా ఉండే సైజు) చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు నాలుగు చుట్లు. టిక్ అంత వేగంగా వస్తే టైరులో ఇరుక్కున్న రాయి, రిమ్ముకి తగులుతున్న వాల్వు నట్టు, వదులైన స్పోకు, ఉబ్బిన టైరు అతుకు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. క్రాంకు రెండు చుట్లకు పైగా తిరిగితే గానీ ఒక్కసారి రాకపోతే అది చైనులో బిగుసుకుపోయిన లింకు. ముందు పళ్ల చక్రం 50 పళ్లది అయితే చైను ఒక పూర్తి చుట్టు తిరగడానికి క్రాంకు రెండు చుట్లకు పైనే తిరగాలి మరి. చైనుని చేత్తో వెనక్కి తిప్పుతూ గేర్లు మార్చే డిరెయిలర్ చిన్న చక్రాల దగ్గర కన్నేసి ఉంచండి, బిగిసిన లింకు అక్కడ ఎగిరి కనిపిస్తుంది. దాన్ని రెండు చేతులతో పక్కలకి వంచి వదిలితే సర్దుకుంటుంది.

రోలర్ చప్పుడు మాత్రం లెక్కకి అందదు. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ అదే 30 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 5,300 చుట్ల దాకా తిరుగుతుంది. బేరింగు పాడైతే టిక్ అని కాదు, ఇసుక రుబ్బినట్టు ఒకటే గరగర వస్తుంది. ఇంకా అనుమానం ఉంటే పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని బేరింగు కూర్చున్న గూడు మీద, అంటే తిరగని భాగం మీద, ఆనించి పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కి పట్టండి. ఇంకొకరు పెడల్‌ని చేత్తో తిప్పాలి. మంచి బేరింగు నుంచి గాలి వీచినట్టు సన్నని ఊళ వినబడుతుంది, చెడ్డ దాని నుంచి గులకరాళ్ల డబ్బా ఊపినట్టు ఉంటుంది. ఒక వైపుదే పాడైనా రెండూ కలిపి మార్చండి, ఎందుకంటే రెండోది కూడా అన్నే గంటలు తిరిగింది.

డబ్ల్యూడీ-40 రెండు రోజులే ఎందుకు పని చేసిందో కూడా చెబుతాను, చాలామంది ఇదే చేస్తారు కాబట్టి. అది గ్రీజు కాదు, పలచటి నూనె. మూసి ఉన్న బేరింగులోకి దూరితే మిగిలి ఉన్న గ్రీజుని కూడా కరిగించి బయటికి తెస్తుంది. ఆ పలచదనంతో రెండు రోజులు నున్నగా తిరుగుతుంది, అది ఆరిపోయాక ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. అంతకన్నా ప్రమాదం, ఆ తుంపర్లు రోలర్ మీద పడితే టైరు జారుతుంది, జారితే వేడెక్కి నల్లటి పొడి రాలుస్తుంది. ఇప్పుడే రోలర్‌ని, టైరుని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచేయండి. తొక్కిన వెంటనే కాదు, యూనిట్ చల్లారాక.

బేరింగులు మార్చడం

కావలసినవి: అలెన్ కీలు, రింగు స్పానర్లు, సర్‌క్లిప్ (బేరింగుని పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీసే ప్లయర్, చెక్క ముక్క, సుత్తి, సాకెట్ సెట్టు, రెండు కాళ్ల బేరింగు పుల్లర్. పుల్లర్ లేకపోతే బైకు మెకానిక్ దగ్గర అరువు దొరుకుతుంది. విప్పే ముందు ప్రతి దశకీ ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఆ సాయంత్రం ఫొటోయే చెప్పాలి.

తొక్కే బరువుని మార్చే రెసిస్టెన్స్ లివర్‌ని అన్నిటికన్నా తేలిక మెట్టు మీద పెట్టి కేబుల్ ఊడదీయండి. రోలర్ యూనిట్‌ని ఫ్రేము నుంచి విడదీసి బల్ల మీద పెట్టండి. అయస్కాంతాల వైపు మూత విప్పి, లోపలి పళ్లెం ఏ స్థానంలో ఉందో మార్కర్‌తో గీత గీయండి. ఆ అయస్కాంతాలు బలమైనవి, పళ్లేల మధ్య వేలు పెట్టొద్దు. ఇనప రజను అంటుకుని ఉంటే గుడ్డతో తుడిస్తే రాదు. చపాతీ పిండి ముద్దతో గాని, అంటుకునే టేపుతో గాని అద్దండి, మొత్తం వచ్చేస్తుంది.

తర్వాత ఫ్లైవీల్. రోలర్‌కి పాత ట్యూబు ముక్క చుట్టి గట్టిగా పట్టుకుని మధ్య నట్టు వదులు చేయాలి. కొన్ని మోడళ్లలో ఇక్కడ ఎడమ మరలు ఉంటాయి, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. కదలకపోతే బలం పెంచకుండా బయటికి కనిపిస్తున్న మరల వాలు చూసి దిశ తేల్చుకోండి. మర చెడిపోతే ఇరుసే మార్చాలి, అది విడిగా దొరకడం కష్టం. ఫ్లైవీల్ వచ్చాక సర్‌క్లిప్ తీసి, ఇరుసు కొన మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో నెమ్మదిగా తట్టండి. చెక్క లేకుండా నేరుగా కొడితే ఇరుసు మూతి వెడల్పై బేరింగు రానే రాదు. చాలా యూనిట్లలో ఒక వైపు అలల్లా వంగిన పలచటి స్ప్రింగు వాషరు ఉంటుంది. అది పొరపాటున ముడుచుకుపోయిందని అనుకుని పారేసేవాళ్లున్నారు. ఇరుసు ముందుకీ వెనక్కీ ఆడకుండా బేరింగుల్ని ఒత్తి పట్టేది అదే. అది లేకుండా బిగిస్తే కొత్త బేరింగులు కూడా గలగలలాడతాయి.

ఇక బేరింగు మీద నంబరు చదవండి. అరిగి కనిపించకపోతే టార్చి వాలుగా వేసి చూడండి. ట్రైనర్లలో సాధారణంగా 6000, 6001, 6002, 6003, 6200 లాంటివి వస్తాయి. చివరి రెండంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి: 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెని అయిదుతో హెచ్చవేయాలి. 6001 బయటి వ్యాసం 28, మందం 8 మిల్లీమీటర్లు. నంబరు అసలే లేకపోతే ఈ మూడు కొలతలూ వెర్నియర్‌తో తీసి అడిగితే చాలు.

నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు మూత. మీ దాంట్లో రేకుది ఉన్నా రబ్బరుది వేయండి. కొంచెం బిగువుగా తిరుగుతుంది గానీ టైరు పొడిని, చెమటని లోపలికి రానివ్వదు. మన ఇళ్లలో ట్రైనర్ బేరింగులు పాడవడానికి ఆ రెండే ముఖ్య కారణాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అయితే రబ్బరుదే వేయాలి. సీ3 అని ఉంటే లోపల సందు కాస్త ఎక్కువ అని అర్థం. పాతదాని మీద సీ3 ఉంటేనే అది కొనండి, లేకపోతే మామూలుదే తీసుకోండి, చప్పుడు తక్కువ.

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ వాళ్లకి ఆటోనగర్‌లో ఇవి సులువుగా దొరుకుతాయి. పాత బేరింగు చేతిలో పట్టుకునే వెళ్లండి. పేరున్న బ్రాండ్లకి నకిలీలు ఉన్నాయి కాబట్టి రోడ్డు పక్క గుట్టలోంచి కాకుండా డీలరు దగ్గర బిల్లుతో తీసుకోండి. ఎస్‌కేఎఫ్, ఎన్‌ఎస్‌కే, ఎన్‌బీసీ ఏదైనా ఫర్వాలేదు. కొన్నాక వేలికి తగిలించి తిప్పి చూడండి, మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగి వెంటనే ఆగాలి. బొంగరంలా చాలాసేపు తిరిగిందంటే లోపల గ్రీజు తక్కువని అనుమానించాలి.

ఎక్కించేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. గూట్లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి, ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే పడాలి. తారుమారైతే ఆ దెబ్బ గోళీల మీదుగా పోయి, గోళీలు తిరిగే దారిలో కంటికి కనబడని గుంటలు పడతాయి. కొత్త బేరింగు వేసినా గరగర పోలేదని చెప్పేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. గూట్లోకి దించడానికి బయటి రింగు వ్యాసానికి సరిపడే సాకెట్ పెట్టి, నిలువుగా, నాలుగు వైపులా సమంగా తట్టాలి. ఇరుసుకి ఎక్కించడానికి లోపలి రింగుకి మాత్రమే తగిలే పైపు ముక్క చాలు. ఇరుసుని కవర్లో చుట్టి గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే కాస్త కుంచించుకుని పని సులువవుతుంది. వేడి చేయాలంటే బేరింగు గూటిని హెయిర్ డ్రైయర్‌తో వెచ్చబెట్టండి, అయస్కాంతాల వైపు మాత్రం వేడి తగలనివ్వొద్దు, వాటి బలం తగ్గుతుంది.

ఒక చిక్కు రావచ్చు. పాత బేరింగు తీశాక ఇరుసు మీద మెరిసే గాడి కనిపిస్తే, లోపలి రింగు ఇరుసుతో పాటు కాకుండా విడిగా జారి తిరిగిందన్నమాట. కొత్త బేరింగు అక్కడ వదులుగా కూర్చుంటుంది. గాడి పలచగా ఉంటే ఇరుసుని స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, లాక్‌టైట్ 641 లాంటి బేరింగులు పట్టి ఉంచే ద్రావకం పలచగా రాసి ఎక్కించండి. రాత్రంతా కదపకండి. ద్రావకం లోపలి గోళీల వైపు పోకూడదు. గాడి గోటికి తగిలేంత లోతుగా ఉంటే లేతు షాపులో ఇరుసు చేయించడమో, యూనిట్ మార్చడమో తప్పదు.

అన్నీ బిగించాక టైరుకి ఆనించకుండానే ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. ఎక్కడా షర్ మని రాసుకోకూడదు. రాసుకుంటే అయస్కాంతపు పళ్లెం దగ్గరి వాషరు ఒకటి మిగిలిపోయిందో, వరస మారిందో చూసుకోండి. లివర్‌ని తేలిక నుంచి కష్టం దాకా ఒక్కో మెట్టులో మారుస్తూ మళ్లీ తిప్పి వినండి.

గుయ్యిమనే మోత

ఇది జబ్బు కాదు, రబ్బరు రోలర్ మీద తిరిగే తీరు. పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. బుడిపెల టైరైతే ప్రతి బుడిపె రోలర్‌ని కొడుతుంది, ఆ దెబ్బలే బొయ్యిమనే మోత. నున్నటి టైరు వేస్తే అక్కడికక్కడే తేడా తెలుస్తుంది. ట్రైనర్ కోసమే చేసిన గట్టి రబ్బరు టైర్లు ఉంటాయి, ఇంకా మేలు, కానీ వాటితో రోడ్డెక్కకూడదు, తడి మీద పట్టు ఉండదు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠానికి దగ్గరగా గాలి కొట్టండి. 25 మిల్లీమీటర్ల రోడ్డు టైరుకి 100 పీఎస్‌ఐ దాకా, 35 మిల్లీమీటర్ల హైబ్రిడ్ టైరుకి 60-70 అని సుమారుగా పెట్టుకోవచ్చు, ముద్రించిన అంకె దాటొద్దు. రోజూ ఒకే గాలి ఉంటేనే రోలర్ ఒత్తిడి కూడా ఒకేలా ఉంటుంది.

నాబ్ ఎంత బిగించాలనే దగ్గర అందరూ తడబడతారు. రోలర్ టైరుకి తగిలిన క్షణం నుంచి రెండు, మూడు చుట్లు. పరీక్ష ఏమిటంటే, ఫ్లైవీల్‌ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని రెండో చేత్తో చక్రాన్ని తిప్పడానికి గట్టిగా ప్రయత్నించాలి. టైరు జారితే ఇంకో పావు చుట్టు. జారకపోతే అక్కడితో ఆపాలి. ఇంకా గట్టిగా ఉంటే మేలనుకుని బిగిస్తే మోత పెరుగుతుంది, టైరు అరుగుతుంది, బేరింగు మీద అనవసరపు భారం పడుతుంది. తొక్కడం అయిపోగానే నాబ్ వదులు చేయండి. వారం రోజులు బిగించి వదిలేస్తే రోలర్ నొక్కిన చోట టైరు చదునై, తర్వాత చక్రం చుట్టుకొకసారి ధబ్ ధబ్ మంటుంది.

వెనక చక్రపు క్విక్ రిలీజ్ ఇరుసు (స్పానర్ లేకుండా లివర్‌తో బిగించేది) కూడా చూడండి. ట్రైనర్‌తో పాటు ఇచ్చిన స్టీలుదే వాడాలి. తేలికపాటి అల్యూమినియం నట్టు ట్రైనర్ కప్పుల్లో సరిగా కూర్చోదు, బలంగా తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. నిలబడి తొక్కినప్పుడే కిర్రు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. తర్వాత ఫ్రేము మడత దగ్గరి బోల్టు విప్పి తుడిచి కాస్త గ్రీజు పెట్టి బిగించండి.

చైను సంగతి త్వరగా చెబుతాను. ట్రైనర్ మీద బురద, వాన ఉండవు కాబట్టి పలచటి చైను ఆయిల్ లింకుకో చుక్క చొప్పున వేసి, పావుగంట ఆగి, పైపైన ఉన్నదంతా తుడిచేయాలి. సాగిందో లేదో స్కేలుతో తేలుతుంది. కొత్త చైనులో 12 అంగుళాలకి సరిగ్గా పిన్ను మీద పిన్ను వస్తుంది. చివరి పిన్ను మధ్య భాగం 12 అంగుళాల గీతని దాటి అంగుళంలో పదహారో వంతు అవతలికి పోయిందంటే సుమారు అర శాతం సాగినట్టు. 11, 12 గేర్ల చైను అయితే అప్పుడే మార్చేయాలి, పాత 8, 9 గేర్లది అయితే ఇంకొంతకాలం లాగవచ్చు.

కింది ఫ్లాటుకి పోయే అదురు

గాలిలో పోయే మోత, శ్లాబులో పోయే అదురు వేరు వేరు. మీ గదిలో పెద్దగా వినబడని అదురు కింద గదిలో పైకప్పు గొణిగినట్టు వినబడుతుంది. యోగా మ్యాటు దానికి చాలదు, ట్రైనర్ కాళ్ల కింద పూర్తిగా అణిగిపోయి రాయిలా ఉంటుంది. మెత్తటి ఫోము పజిల్ మ్యాట్లు కూడా అంతే, పైగా సైకిల్ ఊగుతుంది. పని చేసే అమరిక ఇదీ: కింద 15-20 మిల్లీమీటర్ల జిమ్ము రబ్బరు పలకలు, దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద పలచటి రబ్బరు మ్యాటు, ఆపైన ట్రైనర్. ప్లైవుడ్ భారాన్ని పరుస్తుంది, కింది రబ్బరు అదురుని మింగుతుంది. ప్లైవుడ్ అంచు గోడకి తగలకూడదు, తగిలితే అదురు అటునుంచి పోతుంది. ట్రైనర్‌ని గది మధ్యలో కాకుండా దూలం మీదుగా, స్తంభం పక్కన మూలకి జరపండి. శ్లాబు మధ్యలోనే ఎక్కువ ఊగుతుంది. కాళ్లు నాలుగూ నేలకి ఆనుతున్నాయా అని కాగితం దూర్చి చూడండి. ఒక కాలు తేలితే అదే టపటపలాడుతుంది, రబ్బరు బుడిపె అరిగి ఉంటే మార్చండి.

ఇదే చదివే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ (వెనక చక్రం తీసేసి చైనుని నేరుగా ట్రైనర్‌కే తగిలించేది) వాళ్లకి రెండు మాటలు. టైరు లేదు కాబట్టి మీ చప్పుడు ఎక్కువగా క్యాసెట్టుది (వెనక గేర్ల పళ్ల చక్రాల కట్ట) లేదా లోపలి బెల్టుది. క్యాసెట్టు చేత్తో పక్కకి ఊగితే దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగు వదులైంది, 40 న్యూటన్ మీటర్లకి బిగించాలి. 11 గేర్ల బాడీ (క్యాసెట్టు ఎక్కే గొట్టం) మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్టు వేస్తే వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసరు ఉండాలి, అది మరిచిపోతే ఎంత బిగించినా ఆడుతుంది. రోడ్డు చక్రం నుంచి ట్రైనర్‌కి మార్చగానే గేర్లు టకటకలాడితే కేబుల్ సర్దుబాటు పావు చుట్టు అటో ఇటో తిప్పడమే. బలంగా తొక్కడం మొదలుపెట్టగానే కీచుమంటే బెల్టు జారుతోంది. దాని మీద నూనె, పౌడరు ఏదీ చల్లొద్దు. వారంటీ ఉంటే మూత విప్పొద్దు. లేకపోతే కరెంటు ప్లగ్గు తీసి, మూత విప్పి, బెల్టు గాడులు పొడి బ్రష్షుతో శుభ్రం చేసి, బిగువు సరిచేసి, తర్వాత పది నిమిషాలు వేడెక్కేలా తొక్కి స్పిన్‌డౌన్ క్యాలిబ్రేషన్ (వేగంగా తొక్కి వదిలి ట్రైనర్ కొలతని సరిచేయడం) మళ్లీ చేయండి. అది చేయకపోతే వాట్ల అంకె తప్పు చూపిస్తుంది.

ఇంట్లో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. ఫ్లూయిడ్ ట్రైనర్ (అయస్కాంతాల బదులు ద్రవంతో బరువు ఇచ్చేది) కింద నూనె చుక్కలు కనిపిస్తే అది సీలు పోయిన లక్షణం, లోపల సిలికాన్ ద్రవం ఉంటుంది, యూనిట్ మార్చించాలి. ఫ్లైవీల్‌లో వెంట్రుకంత పగులు కనిపించినా ఇక దాని మీద తొక్కొద్దు. ఆ వేగంలో అది ఊడితే కాలికే తగులుతుంది.

బేరింగులు మార్చాక మళ్లీ మూడేళ్లకే పాడవకుండా ఉండాలంటే చెమట దారి మళ్లించాలి. ఫ్యాను ఎదురుగా పెట్టండి, హ్యాండిల్ నుంచి సీటు దాకా ఒక తువ్వాలు పరవండి. దిగగానే ఫ్రేముని, రోలర్ యూనిట్ పైభాగాన్ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. నెలకోసారి రోలర్‌కి స్పిరిట్, అన్ని బోల్టుల బిగువు, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి వినడం. మీ టిక్ టిక్ ఏ లయలో వస్తోందో లెక్కపెట్టి, బేరింగు నంబరుతో పాటు ఇక్కడే రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.